ప్రణబ్ ముఖర్జీ సొంత పార్టీ: దేశ ఖజానా తాళాలు పట్టిన నేతకు 1987లో బెంగాల్ ఓటు ఎందుకు దక్కలేదు?

కోల్‌కతా నైరుతి అంచున, హుగ్లీ నది ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్ పేరును తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. మట్టి బురుజు అన్నదే దాని అర్థం. 1856లో బ్రిటిష్ పాలకులు అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్న తరువాత నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికి చేరారు. 1887లో కన్నుమూసే వరకు ఇక్కడే ఉన్నారు. లఖ్‌నవూలోని కొలువును, సంగీతాన్ని, వంటలను, చివరకు జంతుశాలను కూడా ఈ నది ఒడ్డున మళ్లీ ఏర్పాటు చేసుకున్నారు. రాజ్యం ఒక్కటే తిరిగి రాలేదు.

ఆయన మరణించిన నూరేళ్లకు, 1987 మార్చిలో పశ్చిమ బెంగాల్ శాసనసభ ఎన్నికలు జరిగాయి. అధికారం పోగొట్టుకున్న మరో నాయకుడు తన సొంత పార్టీతో ఆ ఎన్నికల్లో ఓట్లు అడిగారు. ఆయన ప్రణబ్ ముఖర్జీ. అప్పటికి రెండున్నరేళ్ల కిందట ఆయన దేశ ఆర్థిక మంత్రి. ప్రధాని లేనప్పుడు కేంద్ర మంత్రివర్గ సమావేశాలకు అధ్యక్షత వహించిన వ్యక్తి. ఆయన స్థాపించిన రాష్ట్రీయ సమాజవాదీ కాంగ్రెస్‌కు ఆ ఎన్నికల్లో ఒక్క స్థానమూ దక్కలేదు.

తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన నేత జీవితంలో ఈ మూడేళ్ల ఘట్టాన్ని సాధారణంగా ఒక వాక్యంతో దాటేస్తారు. అయితే ఆర్థిక మంత్రిగా సంపాదించిన పేరు ఓట్లుగా ఎందుకు మారదో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ భారత రాజకీయాల్లో దొరకడం కష్టం.

చీలిక పార్టీలోనే మొదలైన ప్రయాణం

1935 డిసెంబరు 11న బీర్‌భూమ్ జిల్లా మిరాటీ గ్రామంలో ప్రణబ్ జన్మించారు. రాజకీయాల్లో ఆయన తొలి అడుగు కాంగ్రెస్‌లో పడలేదు. కాంగ్రెస్ నుంచి విడిపోయి అజయ్ ముఖర్జీ స్థాపించిన బాంగ్లా కాంగ్రెస్‌లో పడింది. ఆ పార్టీ పుట్టిన కొద్ది కాలానికే, 1967లో, అజయ్ ముఖర్జీ ముఖ్యమంత్రి అయ్యారు. కాంగ్రెస్‌ను వీడినవారు గెలవగలరన్న పాఠం యువ ప్రణబ్ కళ్లముందే సాగింది. ఇరవై ఏళ్ల తరువాతి ఆయన నిర్ణయంలో ఈ జ్ఞాపకానికీ కొంత పాలు ఉండి ఉండవచ్చు.

1969లో మిడ్నపూర్ లోక్‌సభ ఉప ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థి వి.కె. కృష్ణమీనన్ గెలుపు కోసం ఆయన చేసిన కృషి ఇందిరా గాంధీ దృష్టిలో పడింది. అదే ఏడాది రాజ్యసభకు వెళ్లారు. 1973లో ఉపమంత్రి, ఆ తరువాత రెవెన్యూ, బ్యాంకింగ్ శాఖల సహాయ మంత్రి అయ్యారు. 1982 జనవరిలో ఆర్థిక మంత్రి పదవి వచ్చింది.

ఆ మూడేళ్ల పని చిన్నది కాదు. నాబార్డ్ 1982 జులైలో ఏర్పడింది. అదే ఏడాది మన్మోహన్ సింగ్ రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యారు. అంతకు ముందే అంతర్జాతీయ ద్రవ్య నిధితో 500 కోట్ల ఎస్‌డీఆర్‌ల రుణానికి ఒప్పందం కుదిరింది. 1984లో అందులో చివరి 110 కోట్ల ఎస్‌డీఆర్‌లు తమకు అవసరం లేదని భారత్ చెప్పింది. అప్పు అడిగిన దేశమే ఇక చాలనడం అరుదు. అదే ఏడాది 'యూరోమనీ' పత్రిక ప్రణబ్‌ను ప్రపంచంలోని ఉత్తమ ఆర్థిక మంత్రుల్లో ఒకరిగా పేర్కొంది.

ఈ పట్టికలో కనిపించనిది ఒకటుంది. 1977లో మాల్దా నుంచి, 1980లో బోల్‌పూర్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఆయన ఓడిపోయారు. 1981లో రాజ్యసభకు వెళ్లింది సొంత రాష్ట్రం నుంచి కాదు, గుజరాత్ నుంచి. దేశ బడ్జెట్‌ను మూడుసార్లు ప్రవేశపెట్టిన మంత్రి అప్పటికి ప్రత్యక్ష ఎన్నికల్లో ఒక్కసారీ లోక్‌సభకు గెలవలేదు. ఆయన అధికారానికి మూలం ఇందిరా గాంధీ నమ్మకం.

రెండు నెలల్లో తలకిందులు

1984 అక్టోబరు 31న ఇందిరపై కాల్పులు జరిగిన సమాచారం అందినప్పుడు రాజీవ్ గాంధీ, ప్రణబ్ ఇద్దరూ బెంగాల్‌లోనే, కాంథీ ప్రాంత పర్యటనలో ఉన్నారు. కోల్‌కతా మీదుగా ఒకే విమానంలో ఢిల్లీ చేరారు. ఆ సాయంత్రం రాజీవ్‌తో పాటు ప్రమాణం చేసిన మంత్రులు నలుగురే. ప్రణబ్, బూటా సింగ్ కాక మిగిలిన ఇద్దరూ తెలుగువారు: పి.వి. నరసింహారావు, పి. శివశంకర్.

మంత్రివర్గంలో సీనియర్‌గా తాత్కాలిక ప్రధాని పదవి తనకే రావాలని ప్రణబ్ ఆ విమానంలోనే ఆశించారన్న ప్రచారం ఆ తరువాత మొదలైంది. అది నిరాధారమని ఆయన చివరిదాకా చెబుతూనే వచ్చారు. ప్రచారం మాత్రం తన పని తాను చేసుకుపోయింది. లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఘన విజయం సాధించాక, డిసెంబరు 31న ఏర్పడిన కొత్త మంత్రివర్గంలో ప్రణబ్ పేరు లేదు. ఆర్థిక శాఖ వి.పి. సింగ్‌కు వెళ్లింది.

1985లో ప్రణబ్‌ను పశ్చిమ బెంగాల్ ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా కోల్‌కతాకు పంపారు. ఆ పదవీ నిలవలేదు. 1986 ఏప్రిల్‌లో, ఒక వారపత్రికలో వచ్చిన ఇంటర్వ్యూ దుమారం రేపిన తరువాత, కాంగ్రెస్ ఆయన్ను ఆరేళ్ల పాటు బహిష్కరించింది. రాష్ట్రీయ సమాజవాదీ కాంగ్రెస్ ఆ బహిష్కరణ ఫలితం.

మెటియాబ్రుజ్ వంటి చోట కొత్త పార్టీకి చోటెక్కడ?

ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు ఈ ప్రాంతం 'గార్డెన్‌రీచ్' పేరుతో ఎక్కువ పరిచయం. 2003లో తూర్పు కోస్తా రైల్వే పని మొదలుపెట్టే దాకా వాల్తేరు డివిజన్ ఉద్యోగుల బదిలీలు, పదోన్నతుల ఉత్తర్వులు ఇక్కడి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం నుంచే వచ్చేవి. ఆ కార్యాలయానికి చేరువలో ఖిదిర్‌పూర్ రేవు, 1960లో కేంద్రం చేతికి వచ్చిన గార్డెన్‌రీచ్ నౌకా నిర్మాణ కర్మాగారం ఉన్నాయి. వాటి వెనుక ఇరుకు సందుల్లో దర్జీల ఇళ్లు. 'ఓస్తాగర్'గా పిలిచే పెద్ద దర్జీ గుడ్డ తెచ్చి కత్తిరించి ఇస్తే, చుట్టుపక్కల ఇళ్లలో కుట్టుమిషన్లు నడుస్తాయి. కుట్టిన దుస్తులు సంతలకు, అక్కడి నుంచి దేశమంతటికీ వెళతాయి.

ఢిల్లీలోని ఆర్థిక మంత్రి సంతకం ఈ వీధులను తాకకుండా ఉండదు. ఓడల తయారీకి కేటాయింపు, దారంపై ఎక్సైజ్ సుంకం, దర్జీకి బ్యాంకు ఇచ్చే చిన్న అప్పు, అన్నీ అక్కడి నుంచే వస్తాయి. ప్రణబ్ హయాంలో ఆర్థిక శాఖలోనే పనిచేసిన జనార్దన పూజారి నడిపిన రుణమేళాలు దేశమంతటా చర్చకు వచ్చాయి. అయినా అప్పు అందుకున్న దర్జీ దృష్టిలో ఆ అప్పు ఇచ్చింది బ్యాంకు, లేదంటే ఇందిరమ్మ. ఆర్థిక మంత్రి ముఖం అతనికి తెలియాల్సిన పనే లేదు. ముఖ్యమంత్రో, స్థానిక శాసనసభ్యుడో పంచినట్టు ఆర్థిక మంత్రి తన చేతులతో ఏదీ పంచడు. ఆయన చేతిలో పన్ను కనిపిస్తుంది, వరం కనిపించదు.

1980ల్లో ఇలాంటి కార్మిక ప్రాంతాల్లో ఓటు ప్రసంగాల వల్ల కదిలేది కాదు. రేవులో పని, కర్మాగారంలో గొడవ, రేషన్ కార్డు, పోలీసు స్టేషన్‌లో చిక్కు, ఏదైనా ముందుగా వెళ్లేది కార్మిక సంఘం దగ్గరికో, పార్టీ స్థానిక కార్యాలయానికో. 1977 నుంచి అధికారంలో ఉన్న వామపక్ష కూటమికి ఆ యంత్రాంగం వీధి వీధినా ఉంది. గ్రామాల్లో కౌలుదారుల పేర్లు నమోదు చేసిన ఆపరేషన్ బర్గా, 1978 నుంచి పంచాయతీ ఎన్నికలు అదే పనిని మరో రూపంలో చేశాయి. వామపక్షాలు నచ్చనివారికి కాంగ్రెస్ ఉంది. ఆ పార్టీకి చేతి గుర్తు, ఇందిర జ్ఞాపకం, సొంత కార్మిక సంఘాలు ఉన్నాయి. 1984 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 16 గెలిచిన పార్టీ అది.

ఈ రెండింటి నడుమ కొత్త పార్టీ ఓటరుకు ఇవ్వగలిగింది ఒక పేరు మాత్రమే. ఆ పేరు వార్తాపత్రికలు చదివేవారికి గొప్పది. కానీ ప్రణబ్ వెంట వచ్చినవారిలో సొంత ప్రాంతాన్ని శాసించగల నేతలు లేరు, వేరే కార్యక్రమమూ లేదు. కాంగ్రెస్‌తో ఆయన తగవు సిద్ధాంతం మీద వచ్చింది కాదు, తనకు అన్యాయం జరిగిందన్న బాధ మీద వచ్చింది. ఆ బాధ నిజమే కావచ్చు. దర్జీ వీధిలో ఒక కుటుంబం తన ఓటు మార్చుకోవడానికి అది చాలదు.

1987 ఫలితాల్లో 294 స్థానాలకు గాను సీపీఎం ఒక్కటే 187 గెలిచింది. రాజీవ్ స్వయంగా ప్రచారం చేసినా కాంగ్రెస్ 40 దగ్గర ఆగింది. ప్రణబ్ పార్టీ లెక్కలోకే రాలేదు.

అదే కుర్చీ నుంచి మరొకరు

ప్రణబ్ తరువాత ఆర్థిక మంత్రి అయిన వి.పి. సింగ్ కూడా అదే దారి పట్టడం ఈ కథలో విచిత్రమైన మలుపు. పన్ను ఎగవేతలపై పెద్ద పారిశ్రామిక సంస్థల మీద దాడులు చేయించిన సింగ్‌ను 1987 జనవరిలో రక్షణ శాఖకు మార్చారు. జలాంతర్గాముల కొనుగోలుపై విచారణకు ఆదేశించి, ఏప్రిల్ 12న ఆయన రాజీనామా చేశారు. నాలుగు రోజులకే స్వీడన్ రేడియో బోఫోర్స్ ముడుపుల వార్త ప్రసారం చేసింది. కాంగ్రెస్ బహిష్కరించాక సింగ్ జన్ మోర్చా పెట్టారు. 1988 జూన్‌లో అలహాబాద్ ఉప ఎన్నికలో గెలిచారు. అక్టోబరు 11న జనతా దళ్ ఏర్పడింది. ఎన్.టి. రామారావు అధ్యక్షుడిగా నేషనల్ ఫ్రంట్ నిలిచింది. 1989 డిసెంబరు 2న సింగ్ ప్రధాని అయ్యారు. ఫ్రంట్ అధ్యక్షుడి తెలుగుదేశానికి మాత్రం ఆ ఎన్నికల్లో రెండే లోక్‌సభ స్థానాలు వచ్చాయన్నది వేరే కథ.

ఇద్దరూ ఒకే శాఖ నుంచి, ఒకే నాయకుడితో పొసగక బయటకు వచ్చారు. అయితే సింగ్ చేతిలో ఓటరుకు ఒక్క మాటలో చెప్పగల ఆరోపణ ఉంది, ఉత్తర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన అనుభవం ఉంది, పైగా రాష్ట్రాల్లో అప్పటికే బలంగా ఉన్న పార్టీలు ఆయన చుట్టూ చేరాయి. పార్టీని ఆయన ఒంటరిగా కట్టలేదు, కట్టి ఉన్నవాటిని కలిపారు. ప్రణబ్‌కు బెంగాల్‌లో అలాంటి తోడు దొరకలేదు. కాంగ్రెస్ వ్యతిరేక స్థానమంతా అక్కడ వామపక్షాలదే.

ఆఫ్రికాలోనూ ఈ అనుభవం ఉంది. ఘనా స్వాతంత్ర్యోద్యమంలో క్వామే ఎన్‌క్రుమా జైల్లో ఉండగా 1951 ఎన్నికలను దగ్గరుండి నడిపిన కోమ్లా గ్బెడెమా, 1954 నుంచి 1961 వరకు ఆర్థిక మంత్రి. 1957లో అమెరికాలోని డెలావేర్‌లో నల్లజాతివాడన్న కారణంతో ఒక హోటల్లో ఆయనకు నారింజ రసం తాగడానికి చోటివ్వలేదు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నొచ్చుకుని అల్పాహారానికి పిలిచారు. ఎన్‌క్రుమాతో చెడి ప్రవాసం వెళ్లిన గ్బెడెమా, ఆయన పతనం తరువాత తిరిగి వచ్చి కొత్త పార్టీతో 1969 ఎన్నికల్లో పోటీ చేశారు. 140 స్థానాల్లో 29 వచ్చాయి. ఆ పార్టీకి ప్రధాన బలం ఆయన సొంత ఎవే ప్రజలు నివసించే వోల్టా ప్రాంతం. జింబాబ్వే మాజీ ఆర్థిక మంత్రి సింబా మకోనీ 2008లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తే దాదాపు 8 శాతం ఓట్లు వచ్చాయి. గ్బెడెమాకు కనీసం ఒక ప్రాంతం వెంట నిలిచింది. బీర్‌భూమ్‌లోనైనా ప్రణబ్‌కు అది దక్కలేదు.

తిరుగు ప్రయాణం

1989 నాటికి ప్రణబ్ తన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. 1991లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఆయన్ను ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడిగా నియమించారు. ఆ తరువాత వాణిజ్య, విదేశాంగ శాఖలు వచ్చాయి. 1996 వరకు తన జీవితాన్ని చెప్పుకున్న ఆత్మకథ రెండో భాగంలో, పార్టీ పెట్టడం పొరపాటని, తాను జనాకర్షణ గల నేతను కానని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. కాంగ్రెస్‌ను వీడినవారు గెలవడం అరుదని కూడా రాశారు. అయితే 1998లో తృణమూల్ స్థాపించిన మమతా బెనర్జీ, 2011లో వైఎస్ఆర్ కాంగ్రెస్ స్థాపించిన జగన్‌మోహన్ రెడ్డి ఆ మాటకు లొంగలేదు. వారిద్దరి వెనుకా ఢిల్లీ కుర్చీ కంటే ముందే వీధిలో జనం ఉన్నారు.

ప్రణబ్ తొలిసారి లోక్‌సభకు గెలిచింది 2004లో, ముర్షిదాబాద్ జిల్లా జంగీపూర్ నుంచి. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. మరుసటి ఏడాది తెలంగాణపై యూపీఏ వేసిన ఉపసంఘానికి అధ్యక్షుడయ్యారు. 2009లో ఆర్థిక శాఖ మళ్లీ ఆయన చేతికి వచ్చింది. 2014 మార్చి 1న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంపై రాష్ట్రపతిగా సంతకం చేసిందీ ఆయనే.

2012 రాష్ట్రపతి ఎన్నికలో, పాతికేళ్ల కిందట ఆయన పార్టీని తుడిచిపెట్టిన సీపీఎం, ఫార్వర్డ్ బ్లాక్ ప్రణబ్‌కు ఓటు వేశాయి. మొదట వ్యతిరేకించిన మమత చివరి రోజుల్లో మద్దతు ప్రకటించారు. తెలుగు నేలపై వైఎస్ఆర్ కాంగ్రెస్ ఆయన వైపు నిలవగా, తెలుగుదేశం, టీఆర్ఎస్ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి.