కొండెక్కాక తొందరెందుకు!

ఊటీ కొండ కింద మెట్టుపాళయం స్టేషన్‌లో పొద్దున ఏడు కావస్తుంటే ప్లాట్‌ఫాం నిండా పిల్లల హడావుడే. నీలం రంగు చెక్క పెట్టెలు, వాటికి వెనకాల పొగలు కక్కుతూ ఆవిరి ఇంజను. రైలుకు ముందుండాల్సిన ఇంజను వెనక్కెందుకు వెళ్లిందని ఎవరో ఒక పిల్లాడు తప్పకుండా అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకుని పిల్లల్ని రైలెక్కించిన అమ్మానాన్నలకు ఊటీ ప్రయాణం సగం పండినట్టే.

ఈ దారిలో బాగా నిటారుగా ఉన్నచోట బండి దాదాపు ప్రతి 12 అడుగులకూ ఒక అడుగు ఎత్తు ఎక్కాలి. అంత వాలులో మామూలు చక్రాలు పట్టాల మీద జారిపోతాయి. అందుకని కల్లార్ నుంచి కూనూరు దాకా రెండు పట్టాల నడుమ పళ్లున్న ఉక్కు కడ్డీలు జంటగా పరిచారు. ఇంజను అడుగున ఉండే పళ్లచక్రం ఆ పళ్లలో ఇరుక్కుని, ఒక్కొక్కటే దాటుకుంటూ బండిని పైకి ఎక్కిస్తుంది. ఆ రెండు కడ్డీల పళ్లూ పక్కపక్కన ఒకే వరసలో ఉండవు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు వచ్చేలా బిగించారు. చక్రం ఏ క్షణంలోనూ పట్టు తప్పకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. ఇంజను వెనక నుంచి నెట్టడానికీ కారణం భద్రతే. ఎక్కడైనా లంకె ఊడినా పెట్టెలు లోయలోకి దొర్లిపోకుండా అదే అడ్డం నిలుస్తుంది. ప్రతి పెట్టెకూ ముందువైపు చిన్న అరుగు ఉంటుంది. బ్రేకులు చూసుకునే మనిషి అక్కడే జెండాలు పట్టుకుని నిలబడతాడు. ఇంజను డ్రైవరు వెనక ఉంటాడు కాబట్టి ముందు దారి చూసి చెప్పాల్సింది ఈ బ్రేకుల మనిషే. ఆ జెండా సైగ ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు అందుతూ వెనక్కి వెళ్లడం కిటికీలోంచి తల వంచి చూడాల్సిందే.

ఈ దారి 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చింది. మొత్తం 46 కిలోమీటర్లు, 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పైకి చేరడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. కారులో అయితే రెండు గంటల్లో వెళ్లిపోవచ్చు కదా అనే నాన్నలు ఉంటారు. నిజమే. కానీ సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం ఒక్క గొంతుతో కేక వేయడం కారులో ఎక్కడ దొరుకుతుంది? సొరంగాలు లెక్కపెట్టే పని పెద్దపిల్లకు, వంతెనల లెక్క చిన్నవాడికి అప్పగించండి. హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో ఇంజను నీళ్లు తాగడానికి ఆగినప్పుడు కిందికి దిగి చూడనివ్వండి. అక్కడి కోతుల చేతికి మాత్రం బిస్కెట్ ప్యాకెట్ చిక్కనివ్వకండి.

పైకి వెళ్లే రైలుకు టికెట్లు దొరకడం వేసవిలో చాలా కష్టం. బుకింగ్ తెరిచిన రోజే చూసుకోవాలి. దొరకలేదా, దిగులు పడొద్దు. కూనూరు, ఊటీల మధ్య రోజుకు కొన్ని రైళ్లు తిరుగుతాయి. గంటా గంటన్నర ప్రయాణం. పళ్లకడ్డీ, ఆవిరి ఇంజను ఆ ముక్కలో ఉండవు. తేయాకు తోటలు, కేత్తి లోయ మాత్రం కంటి నిండా కనిపిస్తాయి. శ్రీదేవి, కమల్‌హాసన్‌ల ‘వసంత కోకిల’ చివరి సన్నివేశం తీసింది కేత్తి స్టేషన్‌లోనే. ఆ సినిమా చూసి ఏడ్చిన తరం ఇంట్లో ఉంటే ఆ స్టేషన్ రాగానే చెప్పండి.

రోజుకు రెండే పనులు

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లే కుటుంబాలు చాలావరకు ఒకే పద్ధతి పాటిస్తాయి. కోయంబత్తూరులో దిగి టాక్సీ మాట్లాడుకోవడం, డ్రైవరు చేతిలోని జాబితాలో ఉన్న పాయింట్లన్నీ ఒక్క రోజులో చుట్టేయడం. గార్డెన్‌లో ముప్పావుగంట, సరస్సు దగ్గర అరగంట, శిఖరం మీద ఫొటో, చాక్లెట్ దుకాణం. సాయంత్రానికి పిల్లలు వెనక సీట్లో నిద్ర, నానమ్మకు మోకాళ్ల నొప్పి, డ్రైవరు రోజంతా పార్కింగ్ వెతుక్కోవడంలోనే. డబ్బూ సెలవులూ ఖర్చుచేసి ఇంత దూరం వచ్చి, మన ఊళ్లోని ట్రాఫిక్‌నే కొండ మీద కూడా అనుభవించడం బాధగా ఉంటుంది.

నా మాటగా చెప్పేది ఒకటే: రోజుకు రెండు పనులు పెట్టుకోండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మే నెలలో ఇక్కడ మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి జల్లు పడడం మామూలే కాబట్టి బయట తిరిగే పని పొద్దున్నే పెట్టుకోవడం మేలు. మధ్యాహ్నం గదిలో పేకాట, కథలు, కునుకు. ఇంటి దగ్గర ఏసీ కింద కూడా పట్టని నిద్ర ఇక్కడ కిటికీ తెరిస్తే పడుతుంది. సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తున్న ఊరు ఇది. మన దగ్గర ఎండ నలభై దాటే రోజుల్లో ఇక్కడ పగలు 22, 23 డిగ్రీలు. రాత్రికి స్వెట్టర్ తప్పదు.

ఈ చల్లదనం కోసమే తెల్లవాళ్లు ఇక్కడికి వచ్చారు. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్ 1819లో నీలగిరులెక్కాడు. తర్వాత ఇల్లు కట్టుకున్నాడు, వాగుకు కట్టవేయించి సరస్సు చేయించాడు. మద్రాసు ప్రెసిడెన్సీకి ఊటీ వేసవి రాజధాని అయ్యాక ఏటా ఎండాకాలం ప్రభుత్వం అంతా కొండెక్కేది. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే కదా! మన బెజవాడ, కడప వ్యవహారాలు కూడా మేలో ఈ చలిలోనే తేలేవి.

తోటలో ఒక పూట

ఊటీలో ఒక్కచోటికే తీరిక ఉంటే ఎక్కడికెళ్లాలని అడిగితే బొటానికల్ గార్డెన్ అంటాను. 1848లో మొదలైన తోట. మెక్‌ఐవర్ అనే తోటమాలి దీన్ని తీర్చిదిద్దాడు. దాదాపు 55 ఎకరాలు, కొండ వాలు మీద మెట్లుమెట్లుగా పైకి వెళుతుంది. పెద్దవాళ్లు పైదాకా ఎక్కనక్కర్లేదు. కింది పచ్చికలోనే బెంచీలున్నాయి, పూల మళ్లూ అక్కడే ఎక్కువ. పెరట్లో బంతి, చామంతి పెంచిన అమ్మమ్మకు ఇక్కడ పిల్లల కంటే ఎక్కువ పని దొరుకుతుంది. పేరు తెలియని ప్రతి మొక్క దగ్గరా ఆగి ఆకు నలిపి వాసన చూసే మనిషిని తొందరపెట్టకండి.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లాల్సింది రాయిగా మారిన చెట్టు మొద్దు దగ్గరికి. రెండు కోట్ల సంవత్సరాల నాటిదని బోర్డు చెబుతుంది. బెరడు గీతలు ఉన్నాయి, చెయ్యి వేస్తే మాత్రం రాయి. చెట్టు మట్టిలో కూరుకుపోయాక నీటిలోని ఖనిజాలు కణం కణంలోకీ చేరి చెక్క స్థానంలో నిలిచిపోవడమే ఈ మార్పు. సైన్స్ పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివి మర్చిపోయేది ఇక్కడ కళ్లెదుటే కనిపిస్తుంది. చిన్న డ్రాయింగ్ పుస్తకం, పెన్సిళ్లు వెంట తీసుకెళితే ఒక్కొక్కరు ఒక్కో చెట్టును ఎంచుకుని గీయొచ్చు. గంటన్నర ఎలా గడిచిందో తెలియదు.

మే నెలలో ఈ తోటలోనే పూల ప్రదర్శన. 1896 నుంచి వస్తున్న వేడుక. లక్షల పూలతో కోటలు, జంతువులు, పడవలు కడతారు. చూడముచ్చటగా ఉంటుంది కానీ జనం విపరీతం. నడవడం వచ్చీ రాని పసివాళ్లున్న ఇంటివాళ్లు ప్రదర్శన రోజులు వదిలేసి ముందో వెనకో వెళ్లడమే సుఖం. ఇదే నెలలో కూనూరు సిమ్స్ పార్కులో పళ్ల ప్రదర్శన, కోతగిరిలో కూరగాయల ప్రదర్శన జరుగుతాయి. అక్కడ రద్దీ కొంత తక్కువ.

తోట పైఅంచున తోడా గిరిజనుల నివాసం ఒకటుంది. సల్లివాన్ రాకముందు ఈ గడ్డిమైదానాలన్నీ గేదెలు మేపుకునే తోడాలవే. వాళ్ల సంప్రదాయ ఇల్లు ఎడ్లబండి మీది గూడులా గుండ్రంగా వంగి ఉంటుంది. గుమ్మం ఎంత చిన్నదంటే పెద్దవాళ్లు మోకాళ్ల మీద పాకి లోపలికెళ్లాలి. అది మనుషులు బతికే చోటు. అడగకుండా ఫొటోలు తీయడం, గుమ్మంలోకి తొంగి చూడడం మర్యాద కాదని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

తోడా ఆడవాళ్లు కుట్టే శాలువా దగ్గర కాసేపు కూర్చోండి. తెల్లటి నూలు గుడ్డ మీద ఎరుపు, నలుపు దారాలు. గుడ్డ మీద ముగ్గు గీసుకోవడం ఉండదు. సూది పట్టుకుని పోగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లడమే. ఒక్క పోగు తప్పితే వరస మొత్తం పక్కకు జరుగుతుంది. నున్నగా కనిపించే వైపే పైవైపని మనం అనుకుంటాం. దారపు ముళ్లు లేచి గరుకుగా ఉండే వైపునే వాళ్లు అసలు వైపుగా భావిస్తారు. 2013లో ఈ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనాలనుకుంటే బేరం ఆడకండి. అంత లెక్క, అంత చూపు పెట్టిన పనికి అడిగిన ధర ఎక్కువేం కాదు.

సరస్సు, సంత, తేయాకు

సరస్సులో మోటారు పడవ కంటే తొక్కుడు పడవ మంచిది. నలుగురు కూర్చుని, ఇద్దరు తొక్కాలి. కాళ్లు అందే వయసు పిల్లలుంటే పెద్దవాళ్లు వెనక సీటుకు మారిపోండి. దారి తప్పడం, గట్టుకు కొట్టుకోవడం, ఒకరి మీద ఒకరు అరుచుకోవడం, అంతా వాళ్లదే. లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కొలత సరిపోలేదనిపిస్తే వేరేది అడిగి తీసుకోండి.

దొడ్డబెట్ట నీలగిరుల్లోకెల్లా ఎత్తయిన శిఖరం, 2,637 మీటర్లు. రద్దీ రోజుల్లో పైకి వెళ్లే రోడ్డు మీదే పూట గడిచిపోతుంది. పొగమంచు పట్టిందంటే పైన ఏమీ కనిపించదు. పొద్దున్నే ఆకాశం తేటగా ఉంటే వెళ్లండి. లేదంటే వదిలేసినా నష్టం లేదు. ఆ దారిలో ఉన్న తేయాకు ఫ్యాక్టరీ మాత్రం వదలకండి. కోసుకొచ్చిన ఆకును వాడబెట్టడం, మరలో నలపడం, గాలి తగిలి పచ్చ రంగు ఎర్రమట్టి రంగుకు తిరగడం, ఆరబెట్టడం, జల్లెడ పట్టి రకాలు చేయడం వరసగా చూడొచ్చు. ఏ గదిలో వాసన ఆ గదిదే. మొదటి గదిలో పచ్చిగడ్డి వాసన, చివరికొచ్చేసరికి మన వంటింటి టీ డబ్బా వాసన. కళ్లు మూసుకుని ఎక్కడున్నామో చెప్పమంటే పిల్లలు సరిగ్గా చెప్పేస్తారు.

సాయంత్రం మార్కెట్‌కు వెళ్లండి. అప్పుడే కడిగిన క్యారెట్లు ఆకులతో సహా కట్టలు కట్టి ఉంటాయి. కొని, దగ్గరున్న నీళ్లతో మళ్లీ ఒకసారి కడిగి అక్కడికక్కడే కొరుక్కు తినొచ్చు. క్యారెట్ అంటే మొహం తిప్పుకునే పిల్లలు కూడా తింటారు. ఈ ఊరి అసలు చిరుతిండి వర్కీ. పొరలు పొరలుగా, కరకరలాడుతూ ఉంటుంది. కట్టెల పొయ్యిలో కాల్చే బేకరీలు ఇంకా ఉన్నాయి. వేడి టీలో ముంచుకుని తింటే ఆ వాన సాయంత్రానికి ఇంకేం అక్కర్లేదు. చాక్లెట్లు ఎలాగూ పిల్లలే కొనిపిస్తారు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లలుంటే సెయింట్ స్టీఫెన్స్ చర్చికి ఒక పావుగంట కేటాయించండి. 1830 ప్రాంతంలో కట్టిన ఈ చర్చి దూలాలకు శ్రీరంగపట్నంలోని టిప్పు సుల్తాన్ భవనం కలపను వాడారు. మైసూరు మీదుగా వచ్చేవాళ్లు దారిలో శ్రీరంగపట్నం చూసి ఉంటే ఈ దూలాలు చూపించండి.

కొండకూ ఓపిక ఉండాలి

ఇక్కడి ఇరుకు రోడ్లు, కొద్దిపాటి తాగునీరు వేసవి జనాన్ని మోయలేకపోతున్నాయి. మద్రాస్ హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి నీలగిరికి వచ్చే బయటి వాహనాలకు ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకే అనుమతి అన్నారు. సొంత కారులోనో టాక్సీలోనో వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే పాస్ చూసుకోవాలి. ప్రభుత్వ బస్సుల్లో వెళ్లేవాళ్లకు ఈ బెడద లేదు. వీలైతే వారం మధ్యలో వెళ్లండి. గదులు కూడా ఊటీలోనే కావాలని పట్టుబట్టక కూనూరులోనో కోతగిరిలోనో తీసుకోండి. ఊరికీ మీకూ ఇద్దరికీ ఊపిరాడుతుంది.

వాడి పారేసే ప్లాస్టిక్ జిల్లా అంతటా నిషేధం. నీళ్ల సీసాలను చెక్‌పోస్టుల్లోనే తీసేసుకుంటారు. ఇంటి నుంచి స్టీలు సీసాలు తెచ్చుకోండి. ఇది జరిమానా భయంతో చేయాల్సిన పని కాదు. కూనూరు, కోతగిరి వీధుల్లోకి అడవిదున్నలు వస్తుంటాయి. మనం పారేసిన కవర్లోని పెరుగన్నం కోసం అవి కవరుతో సహా మింగేస్తాయి. దున్న కనిపిస్తే సెల్ఫీకి దగ్గరికెళ్లకండి, ఉన్నచోటే ఆగిపోండి.

ఘాట్ రోడ్డులో పిల్లలకు వాంతులవుతాయి. బయల్దేరే ముందు కడుపు నిండా టిఫిన్ పెట్టకండి, ఫోను చూడనివ్వకండి. గొడుగు, మంకీ క్యాప్, నానమ్మకు మెత్తటి బూట్లు తప్పనిసరి.

మైసూరు మీదుగా తిరిగొచ్చేవాళ్లకు ఇంకొక పూట ఉంది. గూడలూరు దాటాక ముదుమలై అడవి, అందులో తెప్పక్కాడు ఏనుగుల శిబిరం. ఆస్కార్ అందుకున్న ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’లో బొమ్మన్, బెళ్లి దంపతులు పిల్ల ఏనుగును సాకింది ఈ శిబిరంలోనే. పొద్దునా సాయంత్రమూ ఏనుగులకు మేత పెట్టే వేళ సందర్శకులను రానిస్తారు. ఉడికించిన రాగిపిండిని బెల్లంతో కలిపి పెద్ద పెద్ద ముద్దలు చేస్తారు. ఏ ఏనుగుకు ఎన్ని ముద్దలో, ఏ మందు కలపాలో బోర్డు మీద రాసి ఉంటుంది. మావటి ముద్దను నేరుగా నోట్లో పెడతాడు. పొద్దుటి మేతకు వెళ్లడం మంచిది. ముదుమలై దాటాక మైసూరు వైపు వచ్చే బండీపూర్ అడవి దారిని రాత్రి తొమ్మిదింటికి మూసేస్తారు. తెల్లారి ఆరింటిదాకా తెరవరు. పొద్దున ఏనుగుల్ని చూసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి మైసూరు చేరొచ్చు.