ఏబీఎస్ దీపం ఎందుకు వెలుగుతుంది?
(విజ్ఞాన వ్యాసం)



మన ఊళ్ళకు వచ్చే కొత్త జీపుల్లో, కార్లలో, పెద్ద మోటారు సైకిళ్ళలో మీటరు మీద ఏబీఎస్ అని రాసిన పసుపు దీపం ఒకటి ఉంటుంది. కొన్ని బండ్లలో అది ఎప్పుడూ వెలుగుతూనే ఉండటం మీరు చూసే ఉంటారు. డ్రైవరన్నని అడిగితే "అది అంతేలేరా, బండి నడుస్తుంది గదా" అంటాడు. కొందరైతే కంటికి అడ్డమని దాని మీద నల్ల టేపు అంటిస్తారు. బండి నడిచే మాట నిజమే. కాని మారేడుమిల్లి - చింతూరు ఘాట్‌లోనో, పాడేరు ఘాట్‌లోనో వానలో దిగేటప్పుడు ఆ దీపం చెప్పే కబురు చాలా ముఖ్యమైనది. మా మామ మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. సెలవుల్లో ఆయన దగ్గర చూసినవీ, మన ఫిజిక్సు సారు చెప్పినవీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

చక్రం బిగుసుకుపోతే ఏమవుతుంది?

సైకిలు మీద వేగంగా వచ్చి బ్రేకు ఒక్కసారిగా గట్టిగా పట్టి చూడండి. చక్రం తిరగడం ఆగిపోతుంది, కాని సైకిలు ఆగదు, జర్రున జారుతుంది. తిరిగే చక్రానికి నేల మీద పట్టు ఉంటుంది. బిగుసుకుపోయిన చక్రానికి ఆ పట్టు తగ్గిపోతుంది. కారుకో జీపుకో ముందు చక్రాలు అలా జారాయనుకోండి, స్టీరింగు ఎటు తిప్పినా బండి పోయే వైపే పోతుంది. ఘాట్ మలుపులో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అక్కడ స్టీరింగు పని చేయకపోతే ఇంకేముంది?

దీనికి మందుగా వచ్చిందే ఏబీఎస్. చక్రం బిగుసుకుపోబోతుంటే ఇది ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడి తగ్గిస్తుంది, అది తిరగగానే మళ్ళీ పెంచుతుంది. ఒక్క సెకనులో ఎన్నోసార్లు ఇలా చేస్తుంది. మనిషి కాలు అంత వేగంగా చేయలేదు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1978లో ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను మెర్సిడెస్ బెంజ్ కార్ల కోసం తెచ్చింది. మన దేశంలో 125 సీసీ దాటిన మోటారు సైకిళ్ళలో కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ నుంచి, మిగిలినవాటికి 2019 ఏప్రిల్ నుంచి దీన్ని తప్పనిసరి చేశారు.

సరే, ఏ చక్రం బిగుసుకుపోతుందో ఆ ఏబీఎస్ పెట్టెకు ఎలా తెలుస్తుంది? ప్రతి చక్రం దగ్గరా కూర్చుని లెక్క చెప్పేవాడు ఒకడుండాలి. ఆ లెక్క చెప్పేదే చక్రం వేగం సెన్సారు.

సెన్సారు ఎలా పని చేస్తుంది?

మన ల్యాబ్‌లో రాగితీగ చుట్టలోకి అయస్కాంతం జరిపితే గాల్వనోమీటరు ముల్లు కదులుతుంది గదా! దానినే విద్యుదయస్కాంత ప్రేరణ అంటారు. 1831లో మైకేల్ ఫారడే దీన్ని కనిపెట్టాడు. పాత రకం సెన్సారులో జరిగేది అదే. లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట. ఎదురుగా చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళ చక్రం. రెంటికీ నడుమ సుమారు ఒక మిల్లీమీటరు సందు. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి తీగలో చిన్న కరెంటు అల పుడుతుంది.

ఒక లెక్క చేద్దాం. పళ్ళు 48, టైరు చుట్టుకొలత 2 మీటర్లు అనుకోండి. బండి గంటకు 36 కిలోమీటర్లు పోతుంటే సెకనుకు 10 మీటర్లు. అంటే చక్రం 5 చుట్లు తిరుగుతుంది. 5 × 48 = 240. సెకనుకు 240 అలలు! ఆ పెట్టె అలలు లెక్కపెట్టి వేగం తెలుసుకుంటుంది. మూడు చక్రాలు 240 చెబుతుండగా ఒకటి మాత్రం గభాలున 60కి పడిపోయిందంటే, అది బిగుసుకుపోతున్నదని అర్థం.

ఈ రకానికి ఒక లోటు ఉంది. బండి చాలా మెల్లగా పోతుంటే అల బలహీనపడి లెక్క అందదు. అందుకని కొత్త బండ్లలో ఎక్కువగా కరెంటు ఇస్తేనే పనిచేసే సెన్సార్లు వాడుతున్నారు. వాటిలో ఒక రకం హాల్ సూత్రం మీద నడుస్తుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సూత్రం ఇది. ఇవి చక్రం దాదాపు ఆగిపోయే వరకు లెక్క చెబుతాయి. కొన్ని బండ్లలో పళ్ళ చక్రానికి బదులు బేరింగు సీలులోనే ఉత్తర దక్షిణ ధ్రువాలు వరసగా ఉన్న అయస్కాంత వలయం ఉంటుంది. చూడటానికి మామూలు నల్ల రబ్బరులాగే ఉంటుంది. తెలియక బేరింగును తిరగేసి బిగిస్తే సెన్సారు మూగబోతుంది.

తప్పు ఎక్కడ వస్తుంది?

దీపం వెలిగిందంటే సెన్సారే పోయిందని చాలామంది అనుకుంటారు. స్కానరు పెట్టి చూస్తే, ఉదాహరణకు సి 0035 అని వస్తుంది. ఎడమ ముందు చక్రం సెన్సారు దారిలో లోపం ఉందని దాని అర్థం. దారి అంటే సెన్సారు, వైరు, ప్లగ్గు, పళ్ళ చక్రం అన్నీ వస్తాయి. ఒక జీపుకు టౌనులో ఏదో షాపువాళ్ళు కొత్త సెన్సారు వేశారు. మర్నాడే దీపం మళ్ళీ వెలిగింది. మా మామ చూస్తే, స్టీరింగు తిప్పినప్పుడల్లా వంగే చోట వైరు లోపల తెగి ఉంది. పైన తొడుగు బాగానే ఉంది! వైరు బాగుచేశాక దీపం ఆరిపోయింది. కొత్త సెన్సారు డబ్బులు దండగే గదా.

మా మామ మాట ఇది: "ముందు తుడువు, తరవాత కొలువు, ఆఖరున కొను." ఆ వరస ఇలా ఉంటుంది.

1. తాళం తిప్పగానే దీపం వెలగాలి. కార్లలో కొద్ది సెకన్లకు ఆరుతుంది. మోటారు సైకిలు అయితే కాస్త దూరం కదిలాక ఆరుతుంది. అసలు వెలగనే లేదంటే బల్బు పోయిందో, ఎవరో తీసేశారో చూడాలి.

2. నాలుగు టైర్లూ ఒకే సైజువేనా చూడాలి. చిన్న టైరు ఎక్కువ చుట్లు తిరిగి పెట్టెను తికమక పెడుతుంది.

3. సెన్సారు కొసను, పళ్ళను తుడవాలి. అయస్కాంతం కాబట్టి బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అంటుకుంటుంది. మన దారుల్లో ఎర్రమట్టి సరేసరి. పళ్ళు విరిగినా, తుప్పు పట్టి ఉబ్బినా, బేరింగు వదులై చక్రం ఊగినా లెక్క తప్పుతుంది.

4. వైరు పొడవునా, ప్లగ్గు లోపల పచ్చ తుప్పు, నీరు ఉన్నాయేమో చూడాలి.

5. పాత రకం అయితే ప్లగ్గు విప్పి మల్టీమీటరుతో కొలవాలి. మామూలుగా 800 నుంచి 2000 ఓముల మధ్య ఉంటుంది, బండిని బట్టి మారుతుంది. చక్రం చేత్తో తిప్పితే కొద్దిపాటి ఏసీ ఓల్టేజి రావాలి. కొత్త రకానికి ఓములు కొలవకూడదు, పాడైపోవచ్చు. తాళం తిప్పి ప్లగ్గు దగ్గరకు కరెంటు వస్తోందా లేదా చూడాలి.

6. స్కానరు ఉంటే మెల్లగా నడుపుతూ నాలుగు చక్రాల వేగం పక్కపక్కన చూడాలి. ఒకటి సున్నా చూపినా, గెంతుతున్నా దొంగ దొరికినట్టే.

ఇంకో గుర్తు కూడా ఉంది. పొడి రోడ్డు మీద మెల్లగా ఆపుతుంటే పెడలు గడగడ వణికితే, చక్రం బాగానే తిరుగుతున్నా "ఆగిపోయింది" అని సెన్సారు తప్పుడు కబురు పంపుతోందన్నమాట. పళ్ళ చక్రం పగిలిందేమో చూడమనాలి.

గుర్తుంచుకోవలసినవి

పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు మామూలుగా పట్టుతాయి, భయపడక్కర్లేదు. కాని చక్రం బిగుసుకోకుండా కాపాడేవాడు లేడు. కాబట్టి నెమ్మదిగా, దూరం ఉంచుకుని పోవాలి, త్వరగా చూపించాలి. పసుపుతో పాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే, హ్యాండు బ్రేకు వదిలాక కూడా ఆరకపోతే, బండి పక్కన ఆపాల్సిందే. అది ఇంకా పెద్ద లోపం.

ఏబీఎస్ బాగున్నా దూకుడు పనికిరాదు. కంకర మీద, మట్టి మీద బండి ఆగడానికి ఇంకాస్త ఎక్కువ దూరం పట్టొచ్చు కూడా. అది స్టీరింగును మన చేతిలో ఉంచుతుంది, అంతే. తప్పించాల్సింది డ్రైవరే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇవన్నీ మీరే విప్పి చూడమని నేను చెప్పడం లేదు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు ఎవరూ దూరకూడదు. మెకానిక్ పక్కన ఉండగా చూసి నేర్చుకోండి. ఈసారి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మీరెక్కిన బండిలో ఆ దీపం వెలుగుతుంటే డ్రైవరన్నతో మర్యాదగా ఒక్క మాట చెప్పండి: "అన్నా, వైరు ఒకసారి చూపించు. సెన్సారు పోయి ఉండకపోవచ్చు."

సందేహాలుంటే చీటీ రాసి పత్రిక కింది డబ్బాలో వేయండి. వచ్చే సంచికలో జవాబు రాస్తాను.

- పదవ తరగతి విద్యార్థి