స్లాటు చూశాకే రేటు

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి బరిలో ఉన్నవాళ్లు 185 మంది. అందులో 170కి పైగా రైతులే. ఆ ఫిబ్రవరిలోనే ఆర్మూర్‌లో రోడ్డెక్కి, పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి అన్న ఉద్యమం ఇలా నామినేషన్ల దాకా వచ్చింది. చిక్కొచ్చి పడింది ఓటింగ్ యంత్రానికి. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి. పాత ఎం2 రకానికి నాలుగు యూనిట్లకు మించి తగిలించలేం, అంటే 64 పేర్లు. అందుకే 24 యూనిట్ల దాకా భరించే ఎం3 రకం తెప్పించి, ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరుసగా పేర్చారు. నోటాతో కలిపి 186 పేర్లు అలా సర్దుకున్నాయి. అదే 1996 నాటి నల్లగొండ అయితే ఎం3 కూడా చేతులెత్తేసేది. ఫ్లోరైడ్ బాధ వినిపించడానికి అక్కడ 480 మంది పోటీ చేశారు, ఎం3 హద్దు 384.

లాప్‌టాప్‌లోనూ ఇదే లెక్క. ఎంత పెంచుకోవచ్చో మన జేబు కన్నా ముందు బోర్డు తేలుస్తుంది. మదర్‌బోర్డు సంగతి చెబుతున్నాను. పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది లెండి.

అసలు పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో లాప్‌టాప్‌కు ఉన్న పనేంటి? టాలీ, జీఎస్టీ రిటర్నులు, తక్‌పట్టీల ప్రింట్లు, ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ రేట్లు, ఈనామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో బిడ్లు. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈనామ్ మొదలైన తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ఒకటి. ఈ పనులన్నిటికీ కలిపి పట్టే చోటు చాలా తక్కువ. చిన్న దుకాణం టాలీ ఖాతా ఏళ్ల తరబడి నడిచినా సాధారణంగా ఒకటి రెండు జీబీలు దాటదు. కాబట్టి గుమస్తా "సార్, స్టోరేజీ సరిపోవట్లేదు" అన్నాడంటే పెళ్లి వీడియోలు ఎక్కడున్నాయో ఒకసారి వెతకండి.

లాప్‌టాప్ నత్తనడక నడిచేది ఎక్కువసార్లు చోటు చాలక కాదు, డిస్కు తిరగడం వల్ల. పాత లాప్‌టాప్ హార్డ్ డిస్కు నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికే సగటున 5.5 మిల్లీసెకన్లు, ముల్లు జరగడానికి పట్టే సమయం అదనం. తిరిగే భాగాలేవీ లేని ఎస్ఎస్‌డీకి మొత్తం పని ఒక మిల్లీసెకనులో పదో వంతులో అయిపోతుంది. విండోస్ తెరుచుకునేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న వెతుకులాటలు వేలల్లో ఉంటాయి. సీజన్‌లో రైతు ఎదురుగా నిలబడి ఉండగా ఆ తేడా బాగా తెలుస్తుంది.

1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50. అన్నీ కలిపినా పట్టింది 50 లక్షల అక్షరాలు. 1991లో శాన్‌డిస్క్ లాప్‌టాప్ సైజు ఎస్ఎస్‌డీ చేసింది. 20 ఎంబీ, ధర సుమారు వెయ్యి డాలర్లు. ఆ సంస్థను స్థాపించిన ముగ్గురిలో కాన్పూర్‌లో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా ఒకరు. ఇప్పుడాయన మైక్రాన్ అధిపతి. మెమరీ చిప్పుల ఆ కంపెనీకి హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది.

పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూడకుండా ఏ ఖరీదుదారూ ధర పలకడు. లాప్‌టాప్‌నూ అలాగే చూసి కొనాలి. సికింద్రాబాద్ సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఐటీ కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు దొరుకుతాయి. నా ఓటు వాటికే. అదే ధరకు వచ్చే కొత్త చవక లాప్‌టాప్ కన్నా మంచి కీబోర్డు ఉంటుంది, విప్పడానికి కంపెనీవాళ్లే రాసిన మాన్యువల్ ఉంటుంది. కాకపోతే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అర్హత. థింక్‌ప్యాడ్ టీ470, టీ480 పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. అందుకే మూత మీది పేరు చూసి కాదు, ప్రాసెసర్ నంబరు చూసి డబ్బివ్వండి.

టీ480 మూత తీయడం చూడముచ్చటగా ఉంటుంది. అడుగున స్క్రూలు వదులవుతాయి కానీ ఊడి కింద పడవు, మూతకే అంటుకుని ఉంటాయి. పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ కదిలిస్తే క్లిప్పులు టక్‌టక్‌మని విడిపోతాయి. తొందరపడి ముందే తీయకండి. బయటి బ్యాటరీ ఊడదీసినా లోపల ఇంకోటి ఉంటుంది. దాన్ని బయోస్‌లోకి వెళ్లి ఆపాకే చెయ్యి పెట్టాలి. లోపల రెండు ర్యామ్ స్లాట్లు, డిస్కుకు ఒక చోటు. ఆ డిస్కు చోటికి సమాచారం నడవడానికి మదర్‌బోర్డు ఇచ్చింది నాలుగు దారులు కాదు, రెండే. సెకనుకు 7,000 ఎంబీల వేగం అని పెట్టె మీద రాసిన ఎన్వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ కొని బిగించినా, అక్కడ నడిచేది 1,700 దరిదాపుల్లోనే. ఆ తేడా డబ్బుతో ఇంకో ర్యామ్ ముక్క కొనుక్కోవచ్చు.

ఎం.2 ఎస్ఎస్‌డీ మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242 అయితే పొడవు దాదాపు సగం. ఒకే స్లాటులా కనిపించినా కొన్ని లాప్‌టాప్‌లు సాటా రకాన్ని, కొన్ని ఎన్వీఎంఈని మాత్రమే తీసుకుంటాయి. సాటా వేగం 550 ఎంబీ దగ్గర ఆగుతుంది. నిజం చెప్పాలంటే టాలీకి అదీ ఎక్కువే.

ఒక్క అక్షరంతో కొంప మునుగుతుంది. థింక్‌ప్యాడ్ టీ14లో ర్యామ్ పెంచుకునే స్లాటు ఉంటుంది. పక్కనే ఉన్న టీ14ఎస్ సన్నగా, తేలిగ్గా, ముద్దుగా ఉంటుంది కానీ ర్యామ్ బోర్డుకే అతికించేసి వస్తుంది. కొన్న రోజు ఎంతో, చివరి రోజూ అంతే.

512 జీబీ కొంటే విండోస్ 476 అని చూపిస్తుంది. షాపువాడితో గొడవ పడకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1,024 చొప్పున.

డిస్కు మార్చే ముందు రెండు పనులున్నాయి. బిట్‌లాకర్ ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. టాలీ లైసెన్సును సరెండర్ చేసి, కొత్త డిస్కులో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి. రెండోది మర్చిపోయి మార్చి 31 రాత్రి ఫోన్లు చేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఇక పసుపు ధూళి. పాలిష్ పట్టే రోజుల్లో అది ఎక్కడికైనా దూరుతుంది. మామూలు హార్డ్ డిస్కుకు గాలి పీల్చే చిన్న రంధ్రం, దానికో ఫిల్టరు ఉంటాయి, లోపలికి ధూళి అంత తేలిగ్గా పోదు. దెబ్బతినేది ఫ్యాన్. అది మూసుకుపోతే లోపల వేడెక్కి, ఎన్వీఎంఈ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కొత్త డిస్కు కూడా పాతదానిలా నడుస్తోందంటే ముందు బ్రష్ పట్టండి.

జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతాలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఎస్ఎస్‌డీ సంగతి చూస్తే, రాతల ఆయుష్షు అయిపోయిన డిస్కు కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు సమాచారం నిలిపితే చాలన్నది చిప్పుల ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ పెట్టిన నియమం. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. మే నెలలో రేకుల గోదాము పక్క గదిలో బీరువా ఎంత కాలుతుందో మీకే తెలుసు. కొత్త ఎస్ఎస్‌డీకి అంత భయం లేదు కానీ, దాచిపెట్టే కాపీకి తిరిగే డిస్కే నయం. లాప్‌టాప్ నుంచి ఊడదీసిన పాత హార్డ్ డిస్కును పారేయకండి. కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ డబ్బాలో బిగిస్తే అదే మీ బ్యాకప్.