దస్తర్‌ఖాన్‌పై మామిడి కబాబు

గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చే మన పిల్లలు అక్కడ అలవాటైన రుచులను కూడా వెంట తెస్తారు. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ఇళ్లలోకి సాసేజ్ అలాగే వచ్చింది. మసాలా కలిపిన ఖీమాను గొట్టంలాంటి పొరలో నింపితే సాసేజ్. కొందరు దానిపై పండ్లరసంతో తీపి పూత కూడా పూస్తారు.

'మనం తినవచ్చునా?' అని మమ్మల్ని అడుగుతుంటారు. లోపలి మాంసం ఒక్కటే చూస్తే చాలదు. పై పొర గొర్రె పేగు కావచ్చు, పంది పేగూ కావచ్చు. ప్యాకెట్‌పై 'చికెన్' అని ఉన్నంత మాత్రాన పొరకు పూచీ లేదు. హలాల్ ముద్ర చూడాలి. అనుమానముంటే మానుకోవడమే మేలు.

మానుకున్నామని పిల్లలు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మన సీఖ్ కబాబుకు అసలు పొరే అక్కరలేదు. అరకిలో ఖీమాలో ఉప్పు, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, రెండు చెంచాల పుట్నాల పొడి కలపాలి. వేలెడంత పొడవున చేసి, పెనంపై లోపలి పచ్చిదనం పూర్తిగా పోయేదాకా సన్నని మంటపై కాల్చాలి. జగిత్యాల మామిడిపండు గుజ్జు ఒక కప్పు, కాస్త బెల్లం, కారం, నిమ్మరసం కలిపి చిక్కగా ఉడికించి, చివరి రెండు నిమిషాల్లోనే పూయాలి. ముందే పూస్తే తీపి మాడి చేదెక్కుతుంది. మామిడి దొరకని రోజుల్లో నానబెట్టిన ఖుబానీ చాలు.

జుమా నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని వేడి రొట్టెతో తినండి. సెలవు ముగిసి విమానమెక్కే కొడుకు వెంట వెళ్లేది ఆ పూట జ్ఞాపకమే.