చిటుకు రోగం: గొర్రె పేగులోని బాక్టీరియా, మేత మార్పు

కర్నూలు, కడప మెట్ట ప్రాంతాలలో తొలకరి వానలకు బీళ్లు పచ్చబడిన కొద్ది రోజులకే కొన్ని మందలలో ఆకస్మిక మరణాలు కనిపిస్తాయి. సాయంత్రం కడుపు నిండా మేసి దొడ్డి చేరిన పిల్ల తెల్లవారేసరికి చనిపోయి ఉంటుంది. చనిపోయేవి బక్కచిక్కినవి కావు, మందలో పుష్టిగా ఉన్నవే. అందువల్ల దీనిని పాముకాటుగానో విషప్రయోగంగానో పొరబడడం కద్దు.

చిటుకు రోగానికి కారణం క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ 'డి' రకం బాక్టీరియా. 1892లో తొలిసారి వర్ణింపబడిన ఈ బాక్టీరియా జాతి నేలలోను, వన్యమృగాలు, పెంపుడు జంతువులు, మానవుల పేగులలోను ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గొర్రెలో 'డి' రకం స్వల్ప సంఖ్యలో ఉన్నా, పేగు కదలికలతో ఎప్పటికప్పుడు బయటికి పోతుంది కనుక హాని కలగదు.

మేత మారితే పేగులోని బాక్టీరియా సమతౌల్యం మారుతుంది. జంతుప్రదర్శనశాలలలో పెరిగిన ఆకులు తినే కోతులలో అడవి నాటి బాక్టీరియా తగ్గి, మనుషుల పేగులలో ఉండే రకాలు పెరిగినట్లు 2016లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అక్కడ మార్పు నెమ్మదిగా జరిగేది. మందలో ఒక్క రాత్రి చాలు. వేసవి పొడవునా ఎండుగడ్డితో గడిపిన గొర్రె లేతగడ్డిని గాని, కోసిన జొన్నచేలో రాలిన గింజలను గాని ఒక్కసారిగా తింటే, పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు సర్దుకునే వ్యవధి ఉండదు. జీర్ణం కాని పిండిపదార్థం చిన్నపేగులోకి జారుతుంది. అక్కడ 'డి' రకం విపరీతంగా వృద్ధిచెంది ఎప్సిలాన్ విషాన్ని విడుదల చేస్తుంది. విడుదలైనప్పుడు దాని శక్తి స్వల్పమే. ఆహారాన్ని జీర్ణం చేయడానికి గొర్రె స్రవించే ట్రిప్సిన్ అనే ఎంజైమే దానిని అనేక రెట్లు తీవ్రం చేయడం ఇందులోని విచిత్రం. రక్తంలో చేరిన విషం రక్తనాళాల గోడలను దెబ్బతీయగా మెదడులో నీరు చేరుతుంది. గొర్రె ఎగిరిపడి, తల వెనక్కి వాల్చి, కాళ్లు కొట్టుకుంటూ మరణిస్తుంది. కళేబరంలో మూత్రపిండాలు గుజ్జువలె మెత్తబడతాయి.

రక్తంలో చేరిన విషాన్ని యాంటీబయాటిక్‌లు విరవలేవు. కనుక తొలకరికి ముందే మంద మొత్తానికి టీకా వేయించాలి. తొలిసారి టీకా పొందే పిల్లలకు రెండు, మూడు వారాల తరువాత రెండవ మోతాదు తప్పనిసరి. అది లేనిదే మొదటిది చాలినంత రక్షణ ఇవ్వదు. చూడి గొర్రెలకు ఈనడానికి ముందు వేయిస్తే ముర్రుపాల ద్వారా పిల్లలకు రక్షణ అందుతుంది. కొత్త బీడుకు తోలే ముందు ఎండుమేత వేసి, తొలి రోజులలో గంటసేపు మాత్రమే మేపి, క్రమంగా పెంచాలి. మరణాలు మొదలైతే మందను ఆ చేను నుంచి వెంటనే మళ్లించి ఎండుమేతపై ఉంచాలి. చనిపోయిన గొర్రె పేగులోని పదార్థాన్ని చల్లదనంలో ఉంచి, ఆలస్యం చేయక వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపాలి. కళేబరం కుళ్లితే విషాన్ని గుర్తించడం కష్టమవుతుంది.