నరాలకు వెండి నీళ్ళు మంచివేనా?

ఇంట్లో ఫిట్స్, పక్షవాతం, తిమ్మిర్లు ఉన్న రోగి ఉంటే సలహాలు చెప్పేవారు చాలామంది ఉంటారు. అలాంటి సలహాలలో కొల్లాయిడల్ సిల్వర్ ఒకటి. ఇది కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువులు కలిసిన నీరు. నరాలకు బలమని, ఏ హానీ లేదని చెప్పి దీన్ని అమ్ముతారు. కొనే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

వెండి మన శరీరానికి అవసరమా?

ఇనుము, కాల్షియం, అయొడిన్ మనకు కావాలి. వెండితో శరీరానికి ఏ పనీ లేదు. తాగిన వెండిలో ఎక్కువ భాగం విరేచనంలో పోతుంది. కానీ రోజూ తాగుతుంటే మిగిలినది చర్మంలో, కాలేయంలో, మూత్రపిండాలలో పేరుకుంటుంది. చర్మం బూడిద కలిసిన నీలం రంగుకు మారుతుంది. దీనిని ఆర్జీరియా అంటారు. తాగడం మానేసినా ఆ రంగు సాధారణంగా పోదు.

నరాలకు హాని జరుగుతుందా?

జరగవచ్చు. 71 ఏళ్ళ ఒక వ్యక్తి గురించి 2004లో 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో డాక్టర్లు రాశారు. ఆయన నాలుగు నెలలు రోజూ ఈ నీళ్ళు తాగారు. ఆగకుండా ఫిట్స్ వచ్చి కోమాలోకి వెళ్ళారు. రక్తంలోనూ, మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోనూ వెండి ఎక్కువగా కనిపించింది. చికిత్స చేసినా కోలుకోలేదు. ఐదున్నర నెలలకు మరణించారు. ఇలా జరగడం అరుదే. కానీ దీనివల్ల నరాల జబ్బు తగ్గుతుందనడానికి రుజువు లేదు. లాభం లేని దానికోసం ఇంత ప్రమాదం ఎందుకు?

కాలిన గాయాలకు వెండి క్రీము పూస్తారు కదా?

నిజమే. సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీమును డాక్టరు చెప్పినన్ని రోజులు గాయం మీద పూస్తాము. అది పైపూత మాత్రమే, తాగే మందు కాదు. పసిబిడ్డకు వెండి గిన్నెలో పాలు పట్టడం కూడా వేరు. గిన్నె నుండి పాలలోకి దిగే వెండి చాలా స్వల్పం.

మీరు చేయవలసినవి

- ఈ నీళ్ళను నమ్మి ఫిట్స్ మాత్రలు ఆపకండి. హఠాత్తుగా మానితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.
- థైరాయిడ్ మాత్రలు, కొన్ని యాంటిబయాటిక్ మందులు వాడేవారికి వెండి వల్ల ఆ మందు ఒంటికి సరిగా పట్టదు.
- ఇప్పటికే తాగిస్తుంటే ఆపండి. సీసాను తెచ్చి డాక్టరుకు గానీ, నర్సుకు గానీ చూపించండి. దాచవద్దు, మిమ్మల్ని ఎవరూ కోప్పడరు.
- ఫిట్ ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.