రోగనిరోధకశక్తి తగ్గినవారికి పరిచర్య

మన శరీరమునందు రోగములను ఎదిరించు శక్తి యొకటి కలదు. రక్తములోని తెల్లకణములు ఈ కాపుదలను ముఖ్యముగా జరుపును. హెచ్.ఐ.వి. సోకినను, క్యాన్సరునకు మందులు పుచ్చుకొనుచున్నను, మూత్రపిండమును మార్పిడి చేయించుకొన్నను ఈ శక్తి సన్నగిల్లును. మనకు రెండు దినములలో తగ్గిపోవు దగ్గు అట్టివారికి ప్రాణాపాయము కావచ్చును. కావున మేము మొదట చెప్పదలచినది యిది: వారివలన మనకు కలుగు కీడుకంటె మనవలన వారికి కలుగు కీడే యెక్కువ.

1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టించి, హెచ్.ఐ.వి. సోకినవారెందరికో చికిత్స చేసెను. ప్రభుత్వమును 2004 నుండి ఈ రోగమునకు మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. అయినను మందు ఆసుపత్రిలో దొరకును గాని, దినదినమును చేయవలసిన పరిచర్య యింటివారిదే.

అందు మొదటిది చేతులు కడుగుకొనుట. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు ప్రసూతిశాలలోని వైద్యులచేత క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడిగించగా బాలింతల మరణములు మిక్కిలి తగ్గెను. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు మన సీమలో ఇన్ని నీళ్లెక్కడివని కొందరడుగుదురు. ఇందుకు బిందెడు నీరక్కరలేదు, చెంబెడు చాలును. అందరును ఒకే పళ్లెములో చేతులు ముంచరాదు. సబ్బుతో వ్రేళ్లసందులను, గోళ్లను 20 సెకండ్లు రుద్దుకొని, ఒకరు సన్నని ధారగా పోయగా కడుగుకొనవలెను.

రెండవది, దుమ్ము లేపకుండుట. రోగి గదిని పొడి చీపురుతో ఊడ్వక తడిబట్టతో తుడువవలెను. వేరుసెనగకాయల మూటలను అందుంచరాదు. వానికి పట్టు బూజు ఊపిరితిత్తులకు చేటు. కిటికీలు తెరచి గాలి యాడనీయవలెను.

మూడవది ఆహారము. కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన సంగటి, పప్పు, ఒలిచి తిను అరటిపండు మేలు. చద్దియన్నము వలదు.

జ్వరము 100.4 డిగ్రీలు చేరినచో, రేపు చూతమనక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. హెచ్.ఐ.వి. మందు ఒక్క దినమైనను తప్పరాదు. తప్పుచుండినచో ఆ క్రిమి మందునకు లొంగకుండును. కరవునాట బెంగుళూరునకు వలసపోవు కుటుంబములు ముందుగానే వైద్యునికి తెలిపి, కావలసిన మందులు వెంట తీసికొనిపోవలెను.

ఇక లోటాను వేరుచేయుట, బిడ్డను బడిలో వేరుగా కూర్చుండబెట్టుట పరిచర్య కాదు. కలిసి భుజించుటవలనను, చేయి పట్టుకొనుటవలనను హెచ్.ఐ.వి. సోకదు. ఇట్టి వివక్షను 2017 నాటి చట్టము నిషేధించినది. రక్తము తాకవలసినప్పుడు మాత్రము చేతితొడుగులు వేసికొనవలెను.

విద్యార్థులారా, మీ యిరుగుపొరుగున ఇట్టివారుండినచో, దగ్గున్ననాడు వాకిట నిలిచి పలుకరింపుడు. లేనినాడు చేతులు కడుగుకొని వారి ప్రక్కన కూర్చుండుడు.